గుండీల సుంకం, నాగరత్నమ్మ ప్రశ్న

కోవిడ్ భయం తగ్గి, మాస్కులు జేబుల్లోకి పోయిన మరుసటి ఏడాది. బెంగళూరులో హోటల్ హాళ్ళు మళ్ళీ మీటింగులతో నిండుతున్నాయి, ఢిల్లీ అధికారులు మళ్ళీ విమానాలెక్కి వస్తున్నారు. నేను దిగుమతి సుంకాల కేసులు వాదించే లాయర్ని. అప్పటికి ఆ పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి. నాకు నోరెక్కువని ఇంట్లోనూ ట్రిబ్యునల్లోనూ ఒకటే అభిప్రాయం. ఇంట్లో దాన్ని లోపమంటారు, ట్రిబ్యునల్లో దానికి ఫీజిస్తారు.

సుంకం కేసులంటే బయటివాళ్ళు బంగారం బిస్కట్లనుకుంటారు. పెళ్ళిళ్ళలో నా పనేమిటో చెబితే చాలు, గొంతు తగ్గించి దుబాయ్ నుంచి ఎంత తెచ్చుకోవచ్చని అడుగుతారు. నిజానికి మా పనిలో చాలా భాగం వస్తువులకు పేరు పెట్టడం. ఓడలో వచ్చే ప్రతి వస్తువుకూ టారిఫ్ లైన్ అని ఎనిమిది అంకెల నంబరు ఒకటి ఉంటుంది. ఏ నంబరు కింద చేరితే ఆ సుంకం. సుంకం పడకూడదనుకునేవాళ్ళు వస్తువును ఒక నంబరులోకి తోస్తారు, కస్టమ్స్ వాళ్ళు ఇంకో నంబరులోకి లాగుతారు. మధ్యలో మాలాంటివాళ్ళం బతుకుతాం. చొక్కా గుండీ అనేది గుండీయా, ప్లాస్టిక్ సామానా అని రెండేళ్ళు వాదించి గెలిచినదాన్ని నేను. మా అమ్మాయి ఇప్పటికీ ఆ మాట చెప్పి నలుగురిలో నవ్విస్తుంది.

ఆ గుండీల కేసు కాటన్‌పేటలో టోకు వ్యాపారం చేసే ఒక శెట్టిగారిది. మూడు తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. గుండీలు, జిప్పులు, హుక్కులు బయటి దేశాల నుంచి తెప్పించి గార్మెంట్ ఫ్యాక్టరీలకు అమ్ముతారు. బజార్లో కన్నడం, బ్యాంకులో ఇంగ్లీషు, నాతో తెలుగు. ఆయన దిగుమతిదారుల సంఘానికి అధ్యక్షుడు కూడా. ట్రిబ్యునల్లో గెలిచిన దగ్గర్నుంచి సంఘం పనులన్నీ నాకే అప్పగించారు.

ఆ ఏడాది మన ప్రభుత్వం ఒక దేశంతో వాణిజ్య ఒప్పందం మాట్లాడుతోంది. అలాంటి చర్చలకు ముందు అధికారులు ఒక బహిరంగ ప్రకటన ఇస్తారు. ఫలానా వస్తువుల మీద సుంకం ఎత్తేద్దామనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా పేరు నమోదు చేసుకుని చెప్పండి అని. ఆ తర్వాత ఊరూరా సంప్రదింపుల సమావేశాలు పెడతారు. అభ్యంతరం గట్టిగా ఉన్న వస్తువుల్ని సెన్సిటివ్ లిస్టు అనే పట్టికలో వేస్తారు. అందులో ఉంటే సుంకం అలాగే ఉంటుంది, ఇక్కడ చేసేవాడు బతుకుతాడు. లేకపోతే సుంకం పోతుంది, తెప్పించేవాడు బతుకుతాడు. గుండీలు ఆ పట్టికలోకి వెళ్ళకుండా చూడడం నా పని.

ప్రకటన చూస్తే మీకు నవ్వొస్తుంది. వెబ్‌సైట్లో ఎక్కడో మూలన లింకు. తెరిస్తే వందల వరుసల నంబర్లు. గుండీ అన్న మాటకు ముందు రెండు గీతలు, తర్వాత "ఇతరములు". అందులో తన బతుకు ఉందని తెలుసుకోవాలంటే ముందే తెలిసి ఉండాలి. అయినా ఎదుటి పక్షం ఎవరైనా ఆలస్యంగా వచ్చి మాకు తెలియలేదంటే నేను అనే మాట ఒకటుండేది: "ప్రకటన బహిరంగంగానే ఉంది. చూడకపోవడం చూడనివాళ్ళ సమస్య." జడ్జిల ముందు ఈ మాట చాలాసార్లు పనిచేసింది. అది న్యాయంగా ఉందా అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

సమావేశం ఊరి మధ్యలో ఒక హోటల్లో పెట్టారు. వేదిక మీద ఢిల్లీ నుంచి వచ్చిన ఒక అధికారి, పక్కన ఇద్దరు ముగ్గురు సహాయకులు. ఆయన మర్యాదస్తుడు, నిద్ర చాలని కళ్ళు. ఒక్కో సంఘానికి కొన్ని నిమిషాలు. మా పక్షం వాళ్ళంతా పేర్లు నమోదు చేసుకున్నాం. గుండీలు తయారుచేసేవాళ్ళ తరఫున ఒక్క పేరూ లేదు. శెట్టిగారు సంతోషంగా బాదంపప్పు నములుతున్నారు.

మా వంతు రాబోతుండగా తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. పట్టుచీర, భుజాన హ్యాండ్‌బ్యాగు, చేతిలో గుండీలు కుట్టిన అట్టముక్కలు. వస్తూనే వేదిక దగ్గరికి నడిచి, తన పేరు నాగరత్నమ్మ అని, బొమ్మసంద్రలో గుండీల ఫ్యాక్టరీ ఉందని, తానూ మాట్లాడాలని కన్నడంలో చెప్పింది. సుంకం పోతోందన్న సంగతి ఆమెకు తెలిసింది ముందురోజే. అది కూడా ఒక గార్మెంట్ కంపెనీ కొనుగోలు మేనేజరు, వచ్చే ఏడాది రేటు తగ్గించాల్సి ఉంటుంది సిద్ధంగా ఉండండని బెదిరిస్తే.

నేను లేచాను. గడువులోగా నమోదు కాలేదన్నాను. ప్రకటన బహిరంగంగానే ఉందన్నాను. చూడకపోవడం గురించిన మాట కూడా అన్నాను. ఇంగ్లీషులో ఇంకా బాగుంటుంది అది.

అధికారి, ఇది కోర్టు కాదు కదా మేడమ్, వచ్చిన మనిషి మాట విందాం అన్నాడు. టీ తర్వాత ఆమెకు అవకాశమిచ్చాడు. భాష సంగతి అడిగితే స్థానిక సిబ్బందిలో ఒకబ్బాయి కన్నడం నుంచి ఇంగ్లీషు చేస్తానన్నాడు. నాగరత్నమ్మ ఒప్పుకోలేదు.

"కన్నడంలో నేను బేరం ఆడతాను సార్. కొట్లాట నాకు తెలుగులోనే వస్తాది" అంది. అదీ కన్నడంలోనే.

అధికారి నవ్వి, తెలుగు ఎవరికి వచ్చని హాలును అడిగాడు. పొద్దుటి నుంచి శెట్టిగారితో తెలుగులో గుసగుసలాడుతున్నది నేనే కాబట్టి నాలుగైదు తలలు నా వైపు తిరిగాయి. నేను ఎదుటి పక్షం లాయర్నని, దుబాసీగా ఉండడం సరికాదని చెప్పాను. మాటలు మార్చడమే కదా, ఆమెకు అభ్యంతరం లేకపోతే నాకూ లేదన్నాడు ఆయన. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి తలూపింది. శెట్టిగారు నా మోచేతిని తట్టారు. "ఒప్పుకోండి మేడమ్, మన చేతిలో ఉంటాది" అన్నారు మెల్లగా.

ఆ మాటకు నాకు మండింది. నేను మాటలు వంకర తిప్పుతాననుకున్నాడా ఈయన? తు.చ. తప్పకుండా చెప్పి చూపిస్తానని పంతం పట్టి ఒప్పుకున్నాను. ఇంకో నిజం కూడా ఉంది. ఆ హాల్లో రెండు భాషలూ నా అంత బాగా వచ్చినవాళ్ళు లేరని నాకు తెలుసు. ఆ గర్వం కూడా ఒప్పించింది.

టీ దగ్గర ఆమె నా పక్కకొచ్చి నిలబడింది. కప్పులో టీ సాసరులో పోసుకుని ఊదుకుంటోంది.

"నేను వాళ్ళ లాయర్నమ్మా. హాల్లో చెప్పదలుచుకున్నది మాత్రమే నాకు చెప్పండి" అన్నాను. వృత్తి ప్రకారం అనాల్సిన మాట అనేశాను. ఇక నా చేతులు శుభ్రమనుకున్నాను.

"తెల్సులే మేడమ్. అయినా తెలుగోళ్ళు కదా, నా మాట చెడగొట్టరు" అంది.

తర్వాత తన ఫ్యాక్టరీ గురించి చెప్పింది. జిగురులాంటి రెజిన్ను పెద్ద డ్రమ్ములో తిప్పుతూ పలకగా పోత పోస్తారట. ఆ పలక మెత్తగా ఉండగానే బిళ్ళలు కొడతారు. బిళ్ళను ట్రేడులో బ్లాంక్ అంటారు, అంటే రంధ్రాలు పడని గుండీ. దాన్ని చెక్కి, రంధ్రాలు వేసి, పీపాల్లో వేసి గంటల తరబడి దొర్లిస్తే మెరుపొస్తుంది. వింటూ వింటూ, "అన్ని బిళ్ళలూ మీరే పోస్తారా?" అని అడిగాను.

ఈ ప్రశ్న దుబాసీగా అడిగానా, లాయరుగా అడిగానా అని తర్వాత నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ప్రతిసారీ ఒక్కో జవాబు చెప్పుకున్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "చేతికి మించి ఆర్డర్లు వస్తే బిళ్ళలు బయట కొంటాం మేడమ్. ఫారిన్‌వే. రంధ్రాలేసి పాలిష్ పట్టి ఇస్తాం. అందురూ చేసేదే. అది ఆడ చెప్పద్దండి, ఊరికే మీకు చెప్తాండా."

చెప్పనన్నట్టు తలూపాను. కానీ ఆ మాట విన్న మరుక్షణమే నా బుర్రలో ఒక గంట మోగింది. స్వదేశీ తయారీదారు అని చెప్పుకునే మనిషి విదేశీ బిళ్ళలు వాడుతోంది. ఎదుటి పక్షం వాదనకు ఇంతకంటే పెద్ద చిల్లు దొరకదు. దీన్ని వాడుకుంటానని నేను నిర్ణయించుకోలేదు. వాడుకోనని కూడా నిర్ణయించుకోలేదు. దాన్ని అలా పక్కన పెట్టుకుని టీ తాగాను.

టీ తర్వాత ఆమె మైకు ముందు నిలబడింది, నేను పక్కన. దుబాసీ ఆమె, ఈమె అనకూడదు. ఆమె "నేను" అంటే నేనూ "నేను" అనాలి.

"నేను కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చినాను. బొమ్మసంద్రలో షెడ్డు బాడిగ్గా తీసుకున్నాను. నా దగ్గర నలభైమంది ఆడోళ్ళు పని చేస్తాండారు. హిందూపురం, మడకశిర, మా కదిరి పక్క నుంచి వచ్చినోళ్ళే అందురూ. మొగుడు తాగేటోడు కొందురికి, లేనే లేడు కొందురికి. సుంకం ఎప్పటికీ ఉంచమని నేను అడగడంలే. ఐదేండ్లు ఇయ్యండి. మిషన్ల అప్పు తీరుతాది. ఆమీద ఎవురొచ్చినా నేను చూసుకుంటా."

షెడ్డు అడ్రసుతో సహా నేను చెప్పాను. నా ఇంగ్లీషు బాగుంటుంది, దాచుకోవడమెందుకు. ఆమె ఆగినచోట ఆగాను, గొంతు పెంచినచోట పెంచాను. పొద్దుటి నుంచి ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. అధికారి పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి ఆయన ఒక్క ముక్క రాసుకోగా నేను చూడలేదు.

ఆమెకు ఊపొచ్చింది. వేలెత్తి మా వైపు చూపించింది.

"ఈయప్ప ఉండాడే, కాటన్‌పేటలో ఏసీలో కూర్చోని పెట్టెలు విప్పేది తప్ప, జన్మలో ఒక గుండీ చేసినోడు కాదు. చొక్కాది ఊడిపోతే కుట్టుకునేది కూడా రాదు."

నా క్లయింటును నా వేలితోనే చూపిస్తూ, ఆయన జన్మలో ఒక్క గుండీ చేయలేదని, ఊడితే కుట్టుకోవడం కూడా రాదని ఇంగ్లీషులో చెప్పాను. హాలంతా నవ్వింది. శెట్టిగారూ నవ్వారు, కానీ చెయ్యి మాత్రం చొక్కా మీదికి పోయింది.

ఆమె ముగించింది. నాలుగైదు చప్పట్లు పడ్డాయి. ఆమెకు కొట్టారో నాకు కొట్టారో. నేను నా కుర్చీ దగ్గరికి వెళ్ళి, నా కాగితాలు తీసుకుని, అదే మైకు ముందుకు తిరిగొచ్చాను. అధికారి కళ్ళజోడు సర్దుకుని, ఇప్పుడు మాట్లాడేది ఎవరి తరఫున మేడమ్ అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఇంత సేపూ నేనే "ఐదేళ్ళివ్వండి" అని వేడుకున్నాను. ఇప్పుడు ఐదు రోజులు కూడా ఎందుకివ్వకూడదో చెప్పాలి.

నేను నోరు తెరిచేలోపు శెట్టిగారు చెయ్యెత్తారు. ఒక్క ప్రశ్న సార్, అన్నారు ఇంగ్లీషులో. ఈమె అమ్మే గుండీల్లో తన డ్రమ్ములో పోత పోసినవి ఎన్ని, విదేశీ బిళ్ళలకు రంధ్రాలు వేసినవి ఎన్ని?

అధికారి నా వైపు తిరిగి, ఆమెను అడగండి అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఇది రాయడమే దండగ. ఆ క్షణాన నాకు ముందు కలిగింది జాలి కాదు, భయం కాదు. చిరాకు. ఇంత మంచి ప్రశ్నను ఈయన ఎంత మొరటుగా అడిగాడు, నేనైతే చివర్లో, తనది స్వదేశీ సరుకన్న మాటను ముందు ఆమె నోటనే రెండుసార్లు ఒప్పించి అడిగేదాన్ని కదా అని. అంటే టీ కప్పు దగ్గర పక్కన పెట్టిన మాట పక్కన లేదన్నమాట. నాలుక కొన మీదే ఉంది.

ఇంగ్లీషు ప్రశ్న నాగరత్నమ్మకు సరిగా అర్థం కాలేదు. నా మొహం చూస్తూ నిలబడింది. నేను తెలుగులో అడిగాను, ఒక్క మాట తగ్గించకుండా.

ఆమె శెట్టిగారి వైపు చూడలేదు. నన్నే చూసింది. అంతదాకా ఉన్న మేడమ్ పోయింది, మీరు పోయింది.

"నువ్వు చెప్పినావా?"

చిన్న గొంతుతోనే అడిగింది. కానీ చేతిలో మైకు ఉంది. అధికారి ముందుకు వంగి, ఏమంటోందని నన్ను అడిగాడు.

దుబాసీ పని ఏమిటో నాకు తెలుసు. తు.చ. తప్పనని పంతం పట్టినదాన్ని నేనే. "తనకు దుబాసీగా ఉన్న మనిషి ఈ సంగతి బయట పెట్టిందా అని అడుగుతోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. నా గొంతే నాకు ఎవరిదోలా వినబడింది. ఎవరూ నవ్వలేదు. అధికారి చూపు కిందికి దించుకుని, ముందు ప్రశ్నకు జవాబు చెప్పమనండి అన్నాడు. ఆమె అడిగినదానికి నేను జవాబు చెప్పాలి. దానికి బదులు అధికారి మాటను తెలుగులో ఆమెకు అప్పజెప్పాను.

"అవును, తెచ్చుకుంటాం. తక్కువే" అంది. చెప్పాను. అట్టముక్కలు బ్యాగులో పెట్టుకుని, మైకు బల్ల మీద పడుకోబెట్టి వెళ్ళిపోయింది. తర్వాత నేను నా వాదన వినిపించాను. బాగానే వినిపించానట, శెట్టిగారన్నారు. నాకు ఒక్క వాక్యం గుర్తు లేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన్ని అడిగాను. బిళ్ళల సంగతి మీకెలా తెలుసు? మేం టీ దగ్గర మాట్లాడుకుంటుంటే విన్నారా?

"నేనెందుకు వింటాను మేడమ్. ఆయమ్మ బిళ్ళలు కొనేది మా బావమరిది గోడౌన్లోనే. నేను తెప్పిస్తా, ఆయప్ప అమ్ముతాడు. ఆ సరుకు నాదని ఆయమ్మకు తెలీదు, అంతే."

"మీ గిరాకీనే మీరు అందరి ముందూ పట్టిచ్చారా? నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదా" అన్నారు. తర్వాత నన్ను ఓదారుస్తున్నట్టు, వ్యాపారంలో ఇవన్నీ మామూలే మేడమ్, రేపు బిళ్ళలకు బదులు గుండీలే కొంటాది అన్నారు.

నాగరత్నమ్మకు ఫోన్ చేసి, అమ్మా, చెప్పింది నేను కాదు, నీకు బిళ్ళలమ్మినవాడే అని చెప్పొచ్చు. చెప్పలేను. క్లయింటు తన వ్యాపారం గురించి లాయరుకు చెప్పుకున్నది బయటికి పోకూడదు. ఆ నియమం లేకపోతే మా వృత్తే లేదు. ఆ రోజు ఆ నియమం నాకు బాగా అక్కరకొచ్చింది. దాని వెనక దాక్కున్నాను. ఎందుకంటే, నిజంగా ఫోన్ చేస్తే ఆమె రెండో ప్రశ్న అడిగేది: ఆయప్ప అడక్కపోయింటే నువ్వు అడిగేదానివా?

నెలలు గడిచాక ఒప్పందం కుదిరింది. గుండీలు సెన్సిటివ్ లిస్టులో లేవు. మొదటి రోజు నుంచే సుంకం పోయే వరుసలో ఉన్నాయి. సమావేశం నివేదికలో నాగరత్నమ్మ చెప్పిన నలభైమంది గురించి, ఐదేళ్ళ గురించి ఏమీ లేదు. స్థానిక తయారీదారు ఒకరు విదేశీ బిళ్ళలు వాడతామని అంగీకరించారని ఒక్క వాక్యం ఉంది. అది నా ఇంగ్లీషే. సంఘం నాకు శాలువా కప్పింది. ఆ శాలువా బీరువాలో పై అరలో ఉంది, ఎవరికీ పెట్టబుద్ధి కాదు, వాడబుద్ధీ కాదు.

ఇంకో ఏడాదికి వేరే కేసు పని మీద బొమ్మసంద్ర వెళ్ళాల్సి వచ్చింది. పని అయ్యాక తిరిగి వచ్చేయొచ్చు. డ్రైవరుకు ఆమె షెడ్డు అడ్రసు చెప్పాను. ఆ అడ్రసును మైకులో ఇంగ్లీషు చేసి చెప్పినదాన్ని కాబట్టి మర్చిపోలేదు.

లోపల రెజిన్ వాసన లేదు. పోత పోసే డ్రమ్ముల మీద టార్పాలిన్ కప్పి ఉంది. పాలిష్ పీపాల్లో ఒకటే దొర్లుతోంది. బల్లల ముందు పదిమంది దాకా ఆడవాళ్ళు కూర్చుని, సంచుల్లోంచి తయారు గుండీలు తీసి అట్టల మీద కుడుతున్నారు. సంచుల మీద ఉన్న ముద్ర నాకు బాగా తెలుసు, శెట్టిగారిది. ఆ సరుకు కోసమే నేను రెండేళ్ళు వాదించాను.

నాగరత్నమ్మ నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, కాఫీ తెప్పించింది. తిడుతుందనుకుని వెళ్ళాను. తిడితే నాకు సులువు, తిట్లకు జవాబు చెప్పడం నా వృత్తి.

"ఆ పొద్దు నేను ఆయప్పను తిట్టింది అంతా చెప్పినావా ఇంగ్లీషులో?" అని అడిగింది.

"అంతా చెప్పాను. గుండీ కుట్టుకోవడం రాదన్నది కూడా."

నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ళకు చెప్పి వాళ్ళనూ నవ్వించింది. "నా మాటలు నీ నోట్లో బాగుండె. ఆ సార్ రాసుకున్న్యాడు కూడా, నేను చూసినాను" అంది. తర్వాత నవ్వు ఆపింది. జిప్పులు కూడా మొదలుపెడదామనుకుంటోందట. మిషను కొనాలంటే భయంగా ఉందట. "మళ్ళా ఇట్లాంటి నోటీసు వస్తే నాకెట్లా తెలస్తాది?"

వెబ్‌సైట్ పేరు చెప్పాను. అప్పుడప్పుడూ చూస్తుండమన్నాను. పదేపదే అన్న మాట కాబట్టి నోటి నుంచి దానంతట అదే వచ్చేసింది.

ఆ రోజు హాల్లో చూసిన చూపే మళ్ళీ చూసింది. "నా మాట వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పినావే. వాళ్ళ మాట నాకు తెలుగులో చెప్పేదానికి ఏమి?"

ఇరవై ఏళ్ళుగా బహిరంగ ప్రకటన అన్న మాట వాడుతున్నాను. అది ఎవరికి బహిరంగం అన్న ప్రశ్న ఇంత తేలిగ్గా అడగొచ్చని నాకు తట్టలేదు. ఆ మాట అనడం అక్కడితో మానేశాను. మానేసినందువల్ల కొన్ని కేసుల్లో కష్టపడ్డాను కూడా.

ఇప్పుడు అలాంటి ప్రకటన ఏది వచ్చినా తెరుస్తాను. జిప్పులో, గుండీలో, హుక్కులో ఉంటే ఆమెకు ఫోన్ చేసి ఫలానా నంబరు, ఫలానా గడువు, ఇదీ దాని అర్థం అని తెలుగులో చెబుతాను. శెట్టిగారికి తెలిసి ముఖం ముడుచుకున్నారు. బహిరంగ ప్రకటనే కదండీ, చెబితే తప్పేముంది అన్నాను. ఇప్పుడు ఆయన సంఘం పనులు వేరే లాయరు చూస్తున్నాడు. ఇందులో నా మంచితనమేమీ లేదు. పోత డ్రమ్ముల మీద టార్పాలిన్ అలాగే ఉంది. పని పోయిన ఆ ముప్పైమంది ఎక్కడికి పోయారని నేను ఆమెను అడగలేదు, ధైర్యం చాలక.

వృత్తిలో కొత్తగా వచ్చిన పిల్లలు ఎదుటి పక్షానికి దుబాసీగా ఉండొచ్చా అని అడిగితే వద్దంటాను. మాటలు తప్పు చెబుతామన్న భయంతో కాదు. ఒకరి "నేను" మన నోట్లోకి వచ్చాక, ఆ మనిషి మనల్ని నమ్మడం మొదలుపెడుతుంది. మనమేమో మన కుర్చీలోకి తిరిగి వెళ్ళిపోవాలి.

నాగరత్నమ్మకు ఫోన్‌లో అంతా చెప్పేశాక, పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ రోజు హాల్లో అడిగిన "నువ్వు చెప్పినావా?" అన్న మాట మళ్ళీ అడుగుతుందేమోనని. అడిగితే కాదనే చెప్పాలి, అది నిజమే కూడా. ఆమె జిప్పు మిషను రేటు చెబుతుంది, కాలనీలో కరెంటు కోత గురించి చెబుతుంది, సరే మేడమ్ ఉంటానంటుంది. మేడమ్ అని మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. ఆ ప్రశ్న మాత్రం అడగదు.